పెద్దబిడ్డను ఎవరికి అప్పగించి వస్తారు?



ఎనిమిదో నెల, తొమ్మిదో నెల చెకప్‌కు వచ్చే తల్లులను మా ప్రసూతి విభాగంలో కొన్ని ప్రశ్నలు అడుగుతాం. రక్తం గ్రూపు ఏమిటో తెలుసా? రాత్రివేళ బండి దొరుకుతుందా? పాత చీరలు, బిడ్డకు మెత్తని గుడ్డలు సర్దుకున్నారా? వీటికి చాలామంది చక్కగా జవాబు చెబుతారు. రెండో కాన్పుకు వచ్చినవారిని నేను ఇంకొక ప్రశ్న కూడా అడుగుతాను. "అమ్మా, నొప్పులు వచ్చిన రాత్రి పెద్దబిడ్డను ఎవరికి అప్పగించి వస్తావు?"

అప్పుడు ఆ తల్లి అత్తగారి వంక చూస్తుంది. అత్తగారు కొడుకు వంక చూస్తుంది. చివరికి "ఎవరో ఒకరు ఉంటారులే సిస్టర్ గారూ" అంటారు.

ముప్పై ఏళ్ళుగా ఈ వార్డుల్లో పనిచేస్తూ నేను తెలుసుకున్నది ఒకటే. ఆ "ఎవరో ఒకరు" అర్ధరాత్రి రెండు గంటలకు దొరకరు. పేరు పెట్టి ముందే మాట్లాడుకున్న మనిషే దొరుకుతారు.

ఆలస్యం ఎక్కడ జరుగుతుంది?

కొన్నేళ్ళ క్రితం ఒక తెల్లవారుజామున ఒక తల్లిని ఆటోలో తెచ్చారు. గంట దూరంలో ఉన్న పల్లె. రెండో కాన్పు. నొప్పులు రాత్రి ఒంటిగంటకే మొదలయ్యాయి. భర్త పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. అత్తగారు కూతురి ఇంటికి వెళ్ళి ఉన్నారు. మూడేళ్ళ కొడుకు నిద్రపోతున్నాడు. వాణ్ణి ఒక్కణ్ణీ వదలలేక, అత్తగారు మొదటి బస్సుకు వచ్చేదాకా ఆ తల్లి నొప్పులు ఓర్చుకుంటూ కూర్చుంది. ఆటో మా గేటు లోపలికి వచ్చేసరికి బిడ్డ తల కనిపిస్తోంది. స్ట్రెచర్ మీదే కాన్పు చేశాం. బిడ్డ వెంటనే ఏడవలేదు. అంబు బ్యాగుతో ఊపిరి అందించాం. తల్లికి రక్తస్రావం ఆగక రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఇద్దరూ బతికారు. కాని ఆ గంటసేపు మేము పడిన ఆందోళన నాకు ఇప్పటికీ గుర్తుంది.

రెండు రోజుల తర్వాత ఆమెను అడిగాను. "పక్కింటావిడను లేపలేకపోయావా అమ్మా?" ఆమె తల దించుకుని, "కుళాయి దగ్గర మాటామాటా వచ్చింది సిస్టర్ గారూ. లేపడానికి మొహం చెల్లలేదు" అంది.

డబ్బు లేక ఆలస్యమైనవారిని చూశాం. బండి దొరక్క ఆలస్యమైనవారిని చూశాం. 2005 ఆగస్టు 15న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవలు మొదలయ్యాక బండి కష్టం చాలావరకు తగ్గింది. కాని "పిల్లాణ్ణి ఎవరు చూస్తారు?" అన్న ప్రశ్నకు 108 జవాబు చెప్పలేదు. ఆ జవాబు మీ ఇంట్లోనే తయారు కావాలి.

రెండో కాన్పు వేరు

మొదటి కాన్పులో నొప్పులు బలపడిన తర్వాత కూడా 12 గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పట్టవచ్చు. ఆ అనుభవంతో చాలామంది, "మొన్న రోజంతా పట్టింది కదా, ఇప్పుడే తొందరేముంది" అనుకుంటారు. ఇది పొరపాటు. గర్భసంచి ముఖద్వారం ఒకసారి తెరుచుకున్నది కాబట్టి రెండోసారి సాధారణంగా త్వరగా తెరుచుకుంటుంది. కొందరికి రెండు మూడు గంటల్లోనే కాన్పు అయిపోతుంది. కాబట్టి పిల్లవాడికి అన్నం పెట్టి, స్నానం చేయించి, బడికి పంపి వద్దామంటే కుదరకపోవచ్చు.

మన ఇళ్ళలో ఇంకొక సంగతి ఉంది. మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం చాలా కుటుంబాల్లో ఆనవాయితీ. అక్కడ అమ్మ, అక్కచెల్లెళ్ళు, వదినలు అందరూ ఉంటారు. పైగా చూసుకోవలసిన మరో బిడ్డ ఉండదు. రెండో కాన్పు చాలామందికి అత్తవారింట్లోనో, ఉద్యోగం కోసం వెళ్ళిన ఊళ్ళోనో జరుగుతుంది. మనుషులు తక్కువ, పని ఎక్కువ.

డాక్టరు గారు రాసిన తేదీని నమ్ముకుని "మా అమ్మ ఆ తేదీకి రెండు రోజుల ముందు వస్తుంది" అనేవారు కూడా ఉన్నారు. సరిగ్గా రాసిన తేదీకే పుట్టే బిడ్డలు నూటికి అయిదుగురి వరకే ఉంటారు. 37 వారాలు నిండిన తర్వాత ఏ రోజైనా నొప్పులు రావచ్చు. అందుకని 36వ వారం వచ్చేసరికి ఏర్పాటు పూర్తయి ఉండాలి.

ఇద్దరు మనుషులు కావాలి

దీన్ని గట్టిగా గుర్తుంచుకోండి. కాన్పుకు ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు మీకోసం, ఒకరు పెద్దబిడ్డ కోసం. ఒకే మనిషి రెండూ చేయలేరు.

తల్లి పక్కన తోడు మనిషి ఉంటే కాన్పు సులువవుతుందని మాకు అనుభవం. 2016లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ కూడా ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో తల్లికి ఒక తోడు మనిషిని అనుమతించింది. కాని ఆ తోడు మనిషి చంకలో రెండేళ్ళ పిల్ల ఉంటే ఆమె తల్లి నడుము రుద్దగలదా, మంచినీళ్ళు పట్టగలదా? మందులు తేవాలన్నా, రక్తం కోసం వెళ్ళాలన్నా చేతులు ఖాళీగా ఉన్న మనిషి కావాలి.

బిడ్డను చూసే మనిషిని ఎంచుకునేటప్పుడు ఈ సంగతులు ఆలోచించండి.

మొదటిది, దగ్గర. నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న అమ్మమ్మ కంటే గోడ అవతల ఉన్న పిన్నిగారు ఆ రాత్రికి మేలు. అమ్మమ్మ తెల్లవారాక వచ్చి అందుకోవచ్చు. అంటే మొదటి కొద్ది గంటలకు ఒకరు, తర్వాత రోజులకు మరొకరు అని రెండు భాగాలుగా చేసుకోవచ్చు.

రెండవది, చనువు. బిడ్డ వారి చేతి అన్నం తినాలి, వారి పక్కన నిద్రపోవాలి. బిడ్డ ఎవరి దగ్గరకు వెళ్ళడానికి భయపడుతోందో, "వద్దు" అంటోందో వారి దగ్గర బలవంతంగా వదలకండి. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, మగపిల్లల విషయంలో కూడా, బాగా తెలిసిన, నమ్మకమైన ఇల్లయితేనే రాత్రి ఉంచండి.

మూడవది, ఓపిక. డెబ్బై దాటిన నాయనమ్మకు పరుగులు తీసే రెండేళ్ళవాణ్ణి అప్పగిస్తే ఇద్దరికీ కష్టమే. నాయనమ్మకు తోడు ఇంకొకరిని పెట్టండి.

నాలుగవది, బదులు మనిషి. అనుకున్న మనిషికి జ్వరం రావచ్చు, పెళ్ళికి ఊరు వెళ్ళవచ్చు. కాబట్టి ఇంకొక పేరు కూడా ఉండాలి.

ఇక్కడ తండ్రులకు ఒక మాట. తల్లి దగ్గర మీ అత్తగారో, అక్కో ఉన్నారనుకోండి. మీరు ఇంట్లో ఉండి పెద్దబిడ్డను చూసుకోవడం నామోషీ ఏమీ కాదు. ఆ రాత్రి ఆ బిడ్డకు అందరికంటే కావలసిన మనిషి మీరే. కాని తొమ్మిదో నెలలోనే బిడ్డకు స్నానం చేయించడం, జడ వేయడం, అన్నం కలిపి పెట్టడం నేర్చుకోండి. ఆ రోజే మొదలుపెడితే మీకూ బిడ్డకూ ఏడుపే.

ఇంకొక మాట బాధతో చెబుతున్నాను. ఎనిమిదేళ్ళ, తొమ్మిదేళ్ళ ఆడపిల్లకు తమ్ముణ్ణీ, చెల్లినీ, పొయ్యినీ అప్పగించి వచ్చే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పిల్ల వారం పది రోజులు బడి మానేస్తుంది. అన్నం వార్చబోయి చెయ్యి కాల్చుకుని మా దగ్గరకే డ్రెస్సింగ్‌కు వచ్చిన పిల్లను నేనే చూశాను. ఆమె కూడా బిడ్డే. ఆమెను చూసుకోవడానికీ పెద్దవాళ్ళు ఉండాలి.

ఎన్ని రోజులకు?

"ఒక్క పూట చూడు వదినా" అని వచ్చి, నాలుగు రోజులకు కూడా ఇంటికి వెళ్ళకపోతే ఆ వదినకు ఇబ్బంది. మామూలు కాన్పయితే కనీసం రెండు మూడు రోజులు, ఆపరేషన్ అయితే వారం వరకు అనుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద తల్లికి ఉచిత భోజనం మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషన్‌కు 7 రోజుల వరకు ఇస్తారు. దాన్నిబట్టి మీరు లెక్క వేసుకోవచ్చు. పుట్టిన బిడ్డకు కామెర్లు వచ్చినా, బరువు తక్కువైనా ఇంకొన్ని రోజులు పడుతుంది. చూసేవారికి ఈ సంగతి ముందే చెప్పండి. బియ్యం, పాలు, ఖర్చులకు కొంత డబ్బు కూడా వారి చేతిలో పెట్టండి. అయినవారైనా సరే, ఇది మర్యాద.

ఒక కాగితం రాసి పెట్టండి

మీ గొంతు వినపడని రోజున మీ బదులు మాట్లాడేది ఆ కాగితం. బీరువా తలుపుకో, ఫ్రిజ్ మీదో అంటించండి. అందులో ఇవి ఉండాలి.

బిడ్డ ఏమి తింటుంది, ఏది పడదు. రాత్రి పాలు ఎన్నింటికి. ఏ బొమ్మో, ఏ దుప్పటో లేకపోతే నిద్రపోదు. ఫిట్స్, ఆయాసం వంటివి ఉంటే ఏ మందు, ఎంత, ఎప్పుడు. టీకాల కార్డు ఎక్కడ ఉంది. బడి ఆటో ఎన్నింటికి వస్తుంది, సాయంత్రం బిడ్డను ఎవరు దించుకోవాలి. ఆటో అతనికీ, టీచరు గారికీ ఆ మనిషి పేరు ముందే చెప్పి ఉంచండి. అంగన్‌వాడీకి వెళ్ళే బిడ్డయితే అక్కడి టీచరుకు కూడా చెప్పండి. భర్త, పుట్టింటివారు, ఆశా కార్యకర్త, ఆసుపత్రి ఫోన్ నంబర్లు పెద్ద అంకెలతో రాయండి. ఇంటి తాళంచెవి రెండవది వారి దగ్గర ఉండాలి.

బిడ్డ వేరే ఇంట్లో ఉండబోతుంటే ఆ ఇల్లు కూడా ఒకసారి చూసి రండి. నిండుగా నీళ్ళున్న బకెట్టు, మూత లేని సంపు చిన్నపిల్లలకు ప్రాణాంతకం. పురుగుల మందు, ఎలుకల మందు, కిరోసిన్, తాతగారి బి.పి., షుగరు మాత్రలు బిడ్డకు అందని ఎత్తులో ఉండాలి. పిల్లలు లేని ఇళ్ళలో ఇవి కిందనే పెట్టడం అలవాటు. చెబితే తప్పు పట్టరు.

బిడ్డకు ఏమి చెప్పాలి?

ఇది నా సొంత పొరపాటు నుంచి చెబుతున్నాను. నా రెండో కాన్పు 1998లో జరిగింది. అప్పుడు నేను స్టాఫ్ నర్సుని. మా పెద్దవాడికి మూడేళ్ళు. క్వార్టర్స్‌లో పక్కింటి ఆంటీ దగ్గర దించి, "బజారుకు వెళ్ళి బిస్కెట్లు తెస్తాను" అని చెప్పి వచ్చేశాను. ఏడుస్తాడని భయం. వాడు రెండు రోజులు సాయంత్రం పూట గేటు పట్టుకుని నిలబడ్డాడట. మూడో రోజు నేను చెల్లిని ఎత్తుకుని ఇంటికి వెళితే నా వంక చూడలేదు. వారం రోజులు ఆంటీ దగ్గరే అన్నం తిన్నాడు. ఆ తర్వాత ఏడాదిపాటు నేను డ్యూటీకి వెళ్ళే ప్రతిసారీ చెంగు వదిలేవాడు కాదు. ఎందరో తల్లులకు ధైర్యం చెప్పే నర్సుని, నా బిడ్డకు నిజం చెప్పలేకపోయాను.

కాబట్టి అబద్ధం చెప్పి రాకండి. ఏడిస్తే ఏడవనివ్వండి. చెప్పి వెళ్ళిన అమ్మ కోసం ఏడ్చిన బిడ్డ కాసేపటికి ఊరుకుంటుంది. చెప్పకుండా మాయమైన అమ్మ మళ్ళీ మాయమవుతుందేమోనని బిడ్డకు భయం పట్టుకుంటుంది.

రెండు మూడేళ్ళ బిడ్డకు చాలా ముందుగా చెప్పనక్కర లేదు. చివరి రెండు మూడు వారాల్లో, "అమ్మ ఆసుపత్రికి వెళ్తుంది. నువ్వు అత్త దగ్గర పడుకుంటావు. అమ్మ మళ్ళీ వస్తుంది" అని రోజూ అవే మాటలు చెప్పండి. నాలుగైదేళ్ళవారికి "రాత్రి నువ్వు నిద్రలో ఉన్నప్పుడే వెళ్ళవలసి రావచ్చు. లేచేసరికి అత్త ఉంటుంది" అని కూడా చెప్పండి. ఇంకా పెద్దపిల్లలకు నొప్పులంటే ఏమిటో భయపెట్టకుండా చెప్పవచ్చు.

ఒకసారి రాత్రి డ్యూటీలో ఓ.పి. బల్ల మీద నాలుగేళ్ళ పాప ఒక్కతే కూర్చుని కనిపించింది. తండ్రి మందుల షాపుకు వెళ్ళాడు. అమ్మమ్మ లోపల ఉంది. నేను పక్కన కూర్చోగానే, "మా అమ్మ చచ్చిపోయిందా?" అని అడిగింది. తల్లి కేక పెడుతూ తలుపు లోపలికి వెళ్ళడం చూసింది. ఆ తర్వాత ఎవరూ ఆ పాపకు ఏమీ చెప్పలేదు. పిల్లలను కాన్పు గది దగ్గరకు తేవద్దని మేము అనేది కేవలం ఆసుపత్రి నియమం కోసం కాదు.

ఇరుగుపొరుగుకు కూడా ఒక మనవి. "తమ్ముడు వస్తే మీ అమ్మ నిన్ను చూడదు", "ఇక నీ పని అయిపోయింది" అని వేళాకోళానికి కూడా అనకండి. పెద్దవాళ్ళకు అది నవ్వులాట. పిల్లలు నిజమనుకుంటారు.

నెల ముందు నుంచి అలవాటు చేయండి

బిడ్డను చూసే మనిషి దగ్గర ముందు ఒక పూట, తర్వాత ఒక రోజు, ఆ తర్వాత ఒక రాత్రి ఉంచి చూడండి. ఇబ్బందులేవో అప్పుడే తెలుస్తాయి. ఇంకా తల్లిపాలు తాగే బిడ్డయితే, రాత్రి మీరు లేకుండా గ్లాసుతో పాలు, మెత్తని అన్నం తీసుకోవడం నెమ్మదిగా అలవాటు చేయండి. చేదు పూసి ఒక్కరోజులో మాన్పించకండి. అమ్మా, పాలూ ఒకేసారి దూరమైతే బిడ్డ తట్టుకోలేదు.

ఆ రాత్రి వచ్చినప్పుడు

నొప్పులు వస్తూ పోతూ, క్రమంగా దగ్గరపడుతుంటే మొదటి ఫోన్ బిడ్డను చూసే మనిషికి, రెండో ఫోన్ బండికి. అది ఉత్తుత్తి నొప్పులేమోనని మొహమాటపడకండి. రెండుసార్లు లేపినా తిట్టనివారినే ముందుగా ఎంచుకోండి.

ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, తీవ్రమైన తలనొప్పితో కళ్ళు మసకబారినా, 37 వారాలకు ముందే నొప్పులు వచ్చినా, మొదటి కాన్పు ఆపరేషన్ అయి ఇప్పుడు నొప్పులు మొదలైనా ఒక్క నిమిషం ఆగకండి. అనుకున్న మనిషి రాకపోతే పెద్దబిడ్డను కూడా బండిలో ఎక్కించుకుని వచ్చేయండి. పిల్లను తెచ్చారని మేము కోప్పడం. ఏదో ఒక దారి చూస్తాం. ఆలస్యంగా రావడం కంటే అది వెయ్యి రెట్లు మేలు.

మొదటిసారి చూసేటప్పుడు

తల్లి కుదుటపడ్డాక, విజిటర్ల సమయంలో పెద్దబిడ్డను తీసుకురండి. దగ్గు, జలుబు, జ్వరం, ఆటలమ్మ, తట్టు ఉంటే మాత్రం తగ్గేవరకు ఆగండి. అప్పటిదాకా ఫోన్‌లో మాట్లాడించండి. పెద్దబిడ్డ గదిలోకి వచ్చేటప్పుడు పసిబిడ్డ ఉయ్యాలలోనో, అమ్మమ్మ ఒళ్ళోనో ఉండనివ్వండి. మీ చేతులు ఖాళీగా ఉంచుకుని ముందు పెద్దబిడ్డను దగ్గరకు తీసుకోండి. తర్వాత చేతులు కడిగించి, పక్కన కూర్చోబెట్టి తమ్ముణ్ణో చెల్లినో తాకనివ్వండి.

ఇంటికి వెళ్ళాక కొందరు పిల్లలు మళ్ళీ పక్క తడుపుతారు, ముద్దుమాటలు మాట్లాడతారు, అన్నం తినిపించమంటారు. కొట్టకండి. రోజూ కాసేపు ఆ బిడ్డకే కేటాయించండి. చాలావరకు కొద్ది వారాల్లో సర్దుకుంటుంది.

ఎవరూ లేనివారి సంగతి

ఇటుక బట్టీల పనికి, భవనాల పనికి ఊరు కాని ఊరు వచ్చినవారు, కొత్తగా బదిలీ మీద వచ్చినవారు "మాకు ఎవరూ లేరు సిస్టర్ గారూ" అంటారు. అటువంటివారు చెకప్ రోజే మాకు చెప్పండి. మీ ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచరుకు చెప్పండి. సిగ్గుపడవలసిన పని లేదు.

సంఘ కుటుంబాలకు కూడా చెబుతున్నాను. కాన్పయిన తర్వాత పండ్లు, బ్రెడ్డు పట్టుకుని చూడటానికి మీరంతా వస్తారు. మంచిదే. కాని కాన్పుకు ముందే ఆ తల్లి ఇంటికి వెళ్ళి, "నీకు నొప్పులు వచ్చిన రాత్రి మీ అబ్బాయి మా ఇంట్లో పడుకుంటాడు. ఎన్నిగంటలకైనా తలుపు కొట్టు" అని చెప్పండి. ఆ ఒక్క మాటకు ఏ పండ్ల బుట్టా సాటి రాదు.

మొదట చెప్పిన ఆ తల్లి రెండేళ్ళ క్రితం తన మరదలిని చెకప్‌కు తీసుకుని వచ్చింది. మరదలికి రెండో కాన్పు. నేను నా ప్రశ్న అడగబోయేంతలో ఆమే అందుకుంది. "పాపను మా పక్కింటావిడ చూస్తుంది సిస్టర్ గారూ. ఇప్పుడు మేము బాగానే ఉంటున్నాం. నేనే వెళ్ళి అడిగాను."

36వ వారానికి ఇవి సిద్ధమేనా?

1. బిడ్డను చూసే మనిషి పేరు, బదులు మనిషి పేరు, ఇద్దరి ఫోన్ నంబర్లు.
2. మీతో ఆసుపత్రికి వచ్చే తోడు మనిషి వేరుగా.
3. రాసి అంటించిన కాగితం, రెండో తాళంచెవి, టీకాల కార్డు.
4. బిడ్డ బట్టలు, మందులు, ఇష్టమైన దుప్పటితో ఒక సంచి.
5. బడికి, ఆటో అతనికి చెప్పిన మాట.
6. బిడ్డకు చెప్పిన నిజం.

ఈ ఆరింటిలో ఏది కుదరకపోయినా, వచ్చే చెకప్ రోజున ప్రసూతి విభాగం సిస్టర్లను అడగండి. కూర్చుని మాట్లాడుకుందాం.